ఉద్యోగానికి పనికివచ్చే గొంతు

(షోలాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల ప్రదాన సభలో ఒక స్పీచ్ థెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



“పిల్లలకు రేపు ఉద్యోగంలో అక్కరకు వచ్చే విషయం ఏదైనా చెప్పండమ్మా” అని ట్రస్టువారు నన్ను అడిగారు. నాకు తెలిసిన విద్య గొంతుకు సంబంధించినది. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదువుకొని, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. పక్షవాతంతో మాట పడిపోయినవారు, నత్తితో బాధపడేవారు, గొంతు బొంగురుపోయిన టీచర్లు నా దగ్గరికి వస్తుంటారు. మొదట్లో ఇలాంటివారే వచ్చేవారు. ఇప్పుడు ఏ జబ్బూ లేనివారు కూడా వస్తున్నారు. వారంతా మీ వయసు పిల్లలు. “మేడమ్, రాత పరీక్ష పాసయ్యాను, ఇంటర్వ్యూలో పోయింది. నా గొంతు బాగాలేదట” అని చెబుతారు.

వారి గొంతు పరీక్షిస్తే చాలామందిలో ఏ లోపమూ కనిపించదు. గొంతు చక్కగానే ఉంటుంది. కానీ ఇంట్లో అది ఒక రకమైన వాడకానికి అలవాటు పడింది. ఉద్యోగం ఇంకో రకమైన వాడకాన్ని కోరుతోంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎవరి గొంతునో తెచ్చి పెట్టుకోనవసరం లేదు. ఉన్న గొంతును చోటును బట్టి వాడటం నేర్చుకోవాలి. రోజుకు పది నిమిషాల సాధనతో ఎవరైనా నేర్చుకోగల పని ఇది.

సాంచెల మధ్య పెరిగిన మాట

మన షోలాపూర్ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుంచి మన తాతముత్తాతలు నేతపని కోసం ఇక్కడికి వచ్చారు. 1870లలో ఇక్కడ బట్టల మిల్లులు మొదలయ్యాయి. తరువాతి కాలంలో చేతిమగ్గాల స్థానంలో పవర్‌లూములు వచ్చాయి. చద్దర్లు, టవళ్ళు నేసే కార్ఖానా చాలామంది ఇళ్ళకు ఆనుకొనే ఉండేది. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. గోడకు అవతల ఎనిమిది సాంచెలు నడిచేవి. ఆ చప్పుడులో అమ్మ అన్నానికి పిలవాలంటే అరవాలి. నాయన జవాబు చెప్పాలంటే ఇంకా గట్టిగా అరవాలి. సాంచెల దగ్గర నిలబడేవారికి అది కూడా కుదరదు. పెదవుల కదలిక చూసుకొని, చేతి సైగలతో మాట్లాడుకునేవారు.

పవర్‌లూము షెడ్డులో చప్పుడు మామూలుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. అందువల్ల మామూలు మాట ఆ చప్పుడులో మునిగిపోతుంది. చుట్టూ చప్పుడు పెరిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎటియెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఈ విషయాన్ని 1911లో ప్రచురించాడు. అందుకే దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు పక్కన నడుస్తూ మాట్లాడుకునేవారిని గమనించండి. బ్యాండు ఒక్కసారిగా ఆగితే వారి అరుపు అందరికీ వినిపిస్తుంది. అంత గట్టిగా మాట్లాడుతున్నామని అప్పటిదాకా వారికే తెలియదు.

దీనికి తోడు ఇంకొక సంగతి ఉంది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో పనిచేసినవారికి వినికిడి తగ్గుతుంది. స, ష, ఫ వంటి సన్నని ధ్వనులు ముందుగా వినబడకుండా పోతాయి. ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. తన మాట కూడా తనకు సరిగా వినబడదు కాబట్టి ఇంకా గట్టిగా మాట్లాడతారు.

ఈ విషయం ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. హాస్టల్లో ఉండగా నాయన ఫోను చేస్తే, ఆయన గొంతు గదంతా వినిపిస్తుందని సిగ్గుపడి వరండాలోకి పరుగెత్తే పిల్లలను చూశాను. “మా నాయన ఎప్పుడూ కోపంగానే మాట్లాడతాడు మేడమ్” అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. వాళ్ళ నాయనను పిలిపించి వినికిడి పరీక్ష చేశాను. రెండు చెవులలోనూ వినికిడి బాగా తగ్గి ఉంది. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. కొడుకు మాట వినబడటం లేదు, అంతే. ఆ రిపోర్టు చూశాక ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడ ఉన్న చాలామంది ఫీజులు అలాంటి చప్పుడులో నిలబడి సంపాదించిన డబ్బుతోనే కట్టారు. మీ ఇంటి గొంతుకు మీరు సిగ్గుపడవలసిన అవసరం లేదు. అది మనవాళ్ళ పని పెట్టిన అలవాటు.

అయితే ఆ అలవాటుతోనే ఇంటర్వ్యూ గదిలోకి వెళితే ఇబ్బంది తప్పదు. ఇలాంటి ఇళ్ళ నుంచి రెండు రకాల పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఒకరు గట్టిగా, వేగంగా, ఆగకుండా మాట్లాడతారు. ఇంకొకరు ఈ చప్పుడుతో పోటీపడలేక మాట్లాడటమే తగ్గించుకుంటారు. ఆడపిల్లల విషయంలో “ఆడపిల్ల మాట వీధిలోకి వినిపించకూడదు” అనే ఇంటి కట్టడి కూడా తోడవుతుంది. పదిహేనేళ్ళు మెల్లగా మాట్లాడమని చెప్పి, ఒకరోజు ఇంటర్వ్యూకు పంపి గట్టిగా మాట్లాడమంటే ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ఇంటర్వ్యూ చేసేవారు మొదటి పిల్లవాడిని దురుసు అనుకుంటారు, రెండవ అమ్మాయికి ధైర్యం లేదనుకుంటారు. రెండూ పొరపాటు అంచనాలే. కానీ నష్టపోయేది మన పిల్లలు.

బరంపురం, హోసూరు, యానాం వైపు నుంచి వచ్చిన పిల్లల ఇళ్ళలో సాంచెలు లేకపోవచ్చు. సంతలో కొట్టు, రోడ్డు పక్కన వర్క్‌షాపు, పదిమంది ఉన్న ఒకే గది కూడా గొంతుకు ఇవే అలవాట్లు నేర్పుతాయి.

గొంతు ఎలా పనిచేస్తుంది?

గొంతుకు మూడు భాగాల సాయం కావాలి. మొదటిది ఊపిరి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలే మాటకు బలం. రెండవది స్వరపేటిక. మెడ ముందు భాగంలో చేయి పెట్టి “మ్...” అంటే అదురుతున్నది అదే. అందులో స్వరతంతువులు అనే రెండు చిన్న మడతలుంటాయి. మనం మాట్లాడేటప్పుడు అవి సెకనుకు మగవారిలో సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు కలిసి విడిపోతాయి. మూడవది గొంతు, నోరు, ముక్కులలోని ఖాళీ. తంబూరాకు బుర్ర ఎలాంటిదో మన మాటకు ఆ ఖాళీ అలాంటిది. తీగ మీటినప్పుడు పుట్టే నాదం బుర్ర వల్లనే నిండుగా వినిపిస్తుంది.

మన పిల్లలు చేసే పొరపాటు ఏమిటంటే, వినబడాలనుకున్నప్పుడు మధ్యలో ఉన్న స్వరపేటికను బిగిస్తారు. మెడ నరాలు ఉబ్బుతాయి, గొంతు కీచుమంటుంది, పావుగంటకే నొప్పి పుడుతుంది. బలం కింది నుంచి, ఊపిరి నుంచి రావాలి. నిండుతనం పై నుంచి, నోరు బాగా తెరవడం వల్ల రావాలి. మధ్యలో ఉన్న స్వరపేటిక తేలికగా ఉండాలి.

ఊపిరి సాధన సులభం. వెల్లకిలా పడుకొని పొట్ట మీద చేయి పెట్టండి. రొమ్ముకూ పొట్టకూ మధ్య గొడుగులా ఒక కండరం ఉంటుంది. గాలి లోపలికి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది, పొట్ట పైకి లేస్తుంది. భుజాలు కదలకూడదు. ఆ తరువాత “స్స్...” అంటూ గాలిని సమంగా వదలండి. మొదటి రోజు పది సెకన్లు వస్తే చాలు. కొన్ని వారాలలో ఇరవై దాకా పెరుగుతుంది. బలవంతం పనికిరాదు, తల తిరిగితే ఆపెయ్యండి. పడుకొని అలవాటయ్యాక కూర్చొని, తరువాత నిలబడి చెయ్యండి.

మీ సొంత గొంతు ఏది?

కొందరు అబ్బాయిలు గొంతు గంభీరంగా ఉంటేనే ఉద్యోగం వస్తుందని నమ్ముతారు. సినిమా హీరోలా అడుగు నుంచి లాగి మాట్లాడతారు. సినిమాలో వినిపించే గొంతు మంచి మైకు ముందు రికార్డు చేసి, తరువాత మెరుగులు దిద్దినది. దాన్ని రోజంతా అనుకరిస్తే స్వరతంతువులు అలసిపోతాయి. అలా ఆరు నెలలు మాట్లాడి పూర్తిగా బొంగురుపోయి వచ్చిన విద్యార్థికి నేను చికిత్స చేశాను. రెండు నెలల పాటు అతనికి నేర్పింది అతని పాత గొంతునే.

మీ సహజమైన స్థాయిని కనుక్కోవడానికి మన ఇళ్ళలోనే ఒక కొలత ఉంది. అమ్మమ్మ కథ చెబుతుంటే “ఊఁ” కొడతాం కదా! ఏ ఆలోచనా, ఏ బిగింపూ లేకుండా వచ్చే ఆ “ఊఁ” ఎక్కడ పలుకుతుందో అదే మీ గొంతుకు అనువైన చోటు. “ఊఁ” అని, వెంటనే అదే స్థాయిలో మీ పేరు చెప్పండి. మళ్ళీ “ఊఁ” అని, మీ ఊరి పేరు చెప్పండి. ఇంటర్వ్యూకు ముందు వరండాలో కూర్చున్నప్పుడు ఎవరికీ తెలియకుండా చేసుకోగల సాధన ఇది.

ఇంకొక సాధన కూడా మంచిది. గ్లాసులో సగం నీళ్ళు పోసి, స్ట్రా ఒక అంగుళం లోతు మునిగేలా పెట్టి, దానిలోకి “ఊ...” అంటూ బుడగలు వచ్చేలా పలకండి. స్వరతంతువుల మీద భారం తగ్గించడానికి మేము నిత్యం చేయించే సాధన ఇది. ఖర్చు ఏమీ లేదు.

ఫోనులో రికార్డు చేసుకొని వింటే “ఇది నా గొంతేనా?” అని చాలామంది బెంబేలు పడతారు. మనం మాట్లాడేటప్పుడు మన మాట మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా చేరుతుంది. ఎముకల ద్వారా వచ్చేది కాస్త నిండుగా ఉంటుంది. రికార్డులో ఆ భాగం ఉండదు కాబట్టి పలుచగా అనిపిస్తుంది. ఊళ్ళోవారందరూ ఇన్నేళ్ళుగా వింటున్నది ఆ గొంతునే. వారం రోజులు వింటే అలవాటవుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మనవి. మగపిల్లల గొంతు సాధారణంగా పదమూడు, పదిహేనేళ్ళ మధ్య మారుతుంది. పద్దెనిమిది దాటినా గొంతు సన్నగానే ఉండిపోయిన అబ్బాయిలు కొందరుంటారు. కాలేజీలో హేళన భరించలేక వారు నోరే విప్పరు. చాలా సందర్భాలలో వారి స్వరపేటిక సవ్యంగానే పెరిగి ఉంటుంది, పాత అలవాటే మిగిలి ఉంటుంది. డాక్టరు పరీక్షించి లోపం లేదని చెబితే, థెరపీతో చాలావరకు త్వరగానే గొంతు కుదురుకుంటుంది. దాచిపెట్టి ఆ పిల్లవాడి జీవితాన్ని కష్టాల పాలు చేయకండి. నత్తి విషయమూ అంతే. అది భయం వల్లనో, బుద్ధి తక్కువై వచ్చేదో కాదు. “మెల్లగా చెప్పరా, ఊపిరి పీల్చుకోరా” అని పదిమందిలో దిద్దితే అది ఇంకా పెరుగుతుంది. వారు చెప్పేదాకా ఓపికగా వినాలి, థెరపిస్టుకు చూపించాలి.

వాక్యం చివర జాగ్రత్త

పిల్లల రికార్డులు విన్నప్పుడు నాకు ఎక్కువగా కనిపించే దోషం ఒకటే. వాక్యం మొదట్లో గొంతు గట్టిగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి మాట మింగేస్తారు. తెలుగులో దీనివల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. మన భాషలో క్రియ చివర వస్తుంది. “ఆ ప్రాజెక్టు నేనే” అన్నంతవరకు గట్టిగా వినిపించి, ఆ తరువాత మీరు “చేశాను” అన్నారో, “చేయలేదు” అన్నారో ఎదుటివారికి తెలియకపోతే ఇక చెప్పి ప్రయోజనమేమిటి? ఔను, కాదు రెండూ మన వాక్యం చివరే ఉన్నాయి. మరాఠీలోనూ ఇంతే. ఇంగ్లీషులో మాట్లాడినా మీ కాలేజీ పేరు, మార్కులు, సంవత్సరం వంటి ముఖ్యమైన సంగతులు ఎక్కువగా వాక్యం చివరే వస్తాయి.

దీనికి మందు చిన్న వాక్యాలు, మధ్యలో విరామం. ఒక పేరా తీసుకొని, ఊపిరి పీల్చవలసిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. గీత దగ్గర తప్పకుండా ఆగండి. ఆగితే మరచిపోయారనుకుంటారని పిల్లలు భయపడతారు. అసలు జరిగేది వేరు. ఆ రెండు క్షణాలలో వినేవారు మీ మాటను అర్థం చేసుకుంటారు. వేగం సరిచూసుకోవడానికి గడియారం పెట్టుకొని ఇంగ్లీషు పేరా ఒక నిమిషం చదవండి. 140 నుంచి 160 మాటలు వస్తే వినడానికి హాయిగా ఉంటుంది. 200 వస్తున్నాయంటే మీరు పరుగెడుతున్నారన్నమాట.

యాస పోవాలా?

“తెలుగువాళ్ళ ఇంగ్లీషు అని వెంటనే పట్టేస్తారు మేడమ్, యాస ఎలా పోగొట్టుకోవాలి?” అని అడగని విద్యార్థి లేడు. యాస ఉండటం తప్పు కాదు. ఎదుటివారికి అర్థం కాకపోతే మాత్రం సరిచేసుకోవాలి. ఈ రెండూ వేర్వేరు విషయాలు. అరువు యాసతో మాట్లాడేవారు రెండు నిమిషాల తరువాత కష్టమైన ప్రశ్న రాగానే పాత యాసలోకి జారిపోతారు. అది వినేవారికి ఇంకా వింతగా ఉంటుంది.

సరిచేసుకోవలసినవి మూడే చెబుతాను. మన తెలుగు అజంత భాష, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్, బ్యాంక్, ఆఫీస్ అనేవి మన నోట బస్సు, బ్యాంకు, ఆఫీసు అయ్యాయి. తెలుగులో అది అందమే. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం చివరి హల్లు దగ్గర ఆగడం అలవాటు చేసుకోండి. రెండవది ఊనిక. మనం అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు పడుతుంది. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండవ అక్షరం మీద, హోటల్‌లో రెండవ భాగం మీద పడుతుంది. మీ సబ్జెక్టులో తరచు వచ్చే యాభై మాటలు తీసుకొని, నిఘంటువులో ఊనిక గుర్తు ఎక్కడుందో చూసి పెట్టుకోండి. మూడవది, జూన్‌లోని ‘జ’, జీరోలోని ‘జ’ ఇంగ్లీషులో వేరువేరు ధ్వనులు. రెండవదానికి నాలుక పైన తగలదు, తుమ్మెద ఝుంకారంలా సాగుతుంది.

ఇంకొక మాట. షోలాపూర్ తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడతాడు. బరంపురం పిల్లవాడికి ఒడియా, హోసూరు పిల్లవాడికి తమిళం, కన్నడం వస్తాయి. ఇంటర్వ్యూలో ఏయే భాషలు వచ్చని అడిగితే మనవాళ్ళు తెలుగు పేరు చివరన, సణుగుతూ చెబుతారు. బ్యాంకులో, ఆసుపత్రిలో, అమ్మకాల ఉద్యోగంలో నాలుగు భాషలు వచ్చినవారికి ఉన్న విలువ మీకు తెలియదు. నిండు గొంతుతో చెప్పండి.

వ్యక్తిత్వ వికాస తరగతులలో “మాటల విలువ 7 శాతమే, గొంతుకు 38, హావభావాలకు 55 శాతం” అని చెప్పడం మీరు వినే ఉంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఆ అంకెలు తీశారు. ఒక మాట పలికిన తీరు, ముఖం ఆ మాటకు పొసగనప్పుడు, పలికినవారి ఇష్టాయిష్టాలను వినేవారు ఎలా గ్రహిస్తారన్నదే ఆ ప్రయోగాల విషయం. ఇంటర్వ్యూలో మీ జవాబుకు 7 శాతమే విలువ అని దానికి అర్థం కాదు. విషయం తెలియనివారిని గొంతు గట్టెక్కించలేదు. విషయం తెలిసినవారి మాట అవతలివారికి చేరేలా చెయ్యడమే గొంతు పని.

ఫోనులో, వీడియోలో

ఇప్పుడు మొదటి ఇంటర్వ్యూ ఎక్కువగా ఫోనులోనో వీడియోలోనో జరుగుతోంది. సాధారణ టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకున్న ధ్వనులనే మోయడానికి తయారైంది. ‘స’, ‘ఫ’ల తేడా చెప్పే సన్నని ధ్వనులు చాలావరకు దానికి పైన ఉంటాయి. అందుకే పేరు చెప్పేటప్పుడు అక్షరాలు విడదీసి చెప్పడం మంచిది. ఫోను నంబరు మూడు నాలుగు అంకెలుగా విడగొట్టి, మధ్యలో ఆగి చెప్పండి. మైకును నోటికి అంటించకుండా జానెడు దూరంలో ఉంచండి. వంగి కూర్చుంటే పొట్ట నొక్కుకుపోయి ఊపిరి చాలదు. నిటారుగా కూర్చోండి, లేదా నిలబడి మాట్లాడండి. ఇంట్లో సాంచెలు నడుస్తుంటే ఆ అరగంట స్నేహితుడి ఇంటికో గ్రంథాలయానికో వెళ్ళండి. చప్పుడులో కూర్చుంటే మీకు తెలియకుండానే గొంతు పెరుగుతుందని ఇందాకనే చెప్పుకున్నాం.

గొంతును కాపాడుకోవడం

గొంతుతో బతికే వృత్తులలో ఉపాధ్యాయులకు గొంతు సమస్యలు ఎక్కువ. మీలో చాలామంది టీచర్లు, నర్సులు, సేల్స్ ఉద్యోగులు అవుతారు కాబట్టి కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

రోజంతా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగుతూ ఉండండి. మాటిమాటికీ గొంతు సవరించుకోకండి. అలా చేసిన ప్రతిసారీ స్వరతంతువులు ఒకదానికొకటి బలంగా కొట్టుకుంటాయి. దానికి బదులు ఒక గుక్క నీళ్ళు మింగండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడటం మంచిదనుకుంటారు. బలవంతపు గుసగుస కూడా గొంతును శ్రమపెడుతుంది. మాట్లాడకుండా ఉండటమే విశ్రాంతి. కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, మిరియాల పాలు తాగడం మన ఇళ్ళలో ఉన్నవే. నోటికి, గొంతు వెనక భాగానికి హాయినిస్తాయి. కానీ మింగినది ఏదైనా అన్నవాహికలోకే పోతుంది, స్వరతంతువులకు నేరుగా తగలదు. కాబట్టి వాటిని నమ్ముకొని అరవకండి. రాత్రి ఆలస్యంగా కారం, నూనె వంటలు తిని వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు పైకి ఎగదన్ని గొంతును మండిస్తుంది. బీడీ, సిగరెట్టు, గుట్కా జోలికి అసలు పోవద్దు. బీడీలు చుట్టే అమ్మలు ఆకు దుమ్ము పీల్చకుండా గాలి ఆడేచోట కూర్చోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, జలుబు లేకుండా గొంతు బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు తప్పక చూపించండి. ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారు ఆలస్యం చేయకూడదు. క్యాన్సరు అయినా తొందరగా పట్టుకుంటే నయం చేసే అవకాశం ఎక్కువ.

రోజుకు పది నిమిషాలు

ఇప్పుడు మీ పది నిమిషాల లెక్క చెబుతాను. రెండు నిమిషాలు ఊపిరి. రెండు నిమిషాలు “ఊఁ”, స్ట్రా సాధన. నాలుగు నిమిషాలు పైకి చదవడం. చివరి రెండు నిమిషాలు ఆ రోజు చదివిన పాఠాన్ని సొంత మాటలలో చెప్పి రికార్డు చేసుకోవడం. వారానికి ఒకసారి పాత రికార్డు, కొత్త రికార్డు పక్కపక్కన పెట్టి వినండి.

పైకి చదవడం తెలుగులో మొదలుపెట్టండి. భయం లేని భాషలో ఊపిరి, విరామం త్వరగా కుదురుతాయి. ఒకసారి కుదిరినవి ఇంగ్లీషులోకి వాటంతటవే వస్తాయి. “మాకు తెలుగు చదవడం రాదు, మరాఠీ మీడియం” అంటారా? మరాఠీ పేపరులో వార్త చదివి, దాన్ని మీ నాయనమ్మకు తెలుగులో చెప్పండి. ఆవిడ “మళ్ళ చెప్పు బిడ్డా” అంటే మీరు వేగంగా చెప్పారని అర్థం. అంతకన్నా మంచి పరీక్షకులు పూణేలో డబ్బు కట్టినా దొరకరు.

పెద్దలకు నా విన్నపం. రోజూ ఆ పది నిమిషాలు టీవీ ఆపండి. పిల్లలు చెప్పేది మధ్యలో అందుకోకుండా వినండి. ఇరవై ఏళ్ళుగా సాంచెల మీద పనిచేసినవారు ఒక్కసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన సామెత. కానీ ఆ మంచి మాట వినడానికి ఇంట్లో చెవులు కూడా బాగుండాలి.

ట్రస్టువారు పిల్లలను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచి చెక్కులు అందజేస్తారు. వారి అనుమతితో ఒక చిన్న మార్పు అడుగుతున్నాను. చెక్కు అందుకునే ముందు ప్రతి విద్యార్థీ మైకు లేకుండా తన పేరు, ఊరు, చదువుతున్న చదువు చెప్పాలి. తొందర లేదు. ఊపిరి పీల్చుకొని, భుజాలు వదులు చేసి చెప్పండి. వాక్యంలోని చివరి మాట కూడా ఆఖరి వరుసలో కూర్చున్న మీ అమ్మకు వినిపించాలి.